రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తే కారు బ్యాటరీ పదేళ్లు వస్తుందా? రాదు

గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. "కారు బ్యాటరీ పదేళ్లు రావాలంటే ఈ ఆరు చాలు" అని. అందులో ఉన్నది ఇదీ: బండి బయటికి తీయకపోయినా రోజూ అయిదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచండి, డిస్టిల్డ్ వాటర్ దండగ, కుళాయి నీళ్లు పోసినా చాలు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూడండి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే భాగం) బాగున్నట్టే, పోయిన బ్యాటరీలో ఎప్సమ్ ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ కొత్తదవుతుంది, కొత్తది కొనేటప్పుడు ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) ఎంత ఎక్కువుంటే అంత మంచిది, బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే ఛార్జ్ దిగిపోతుంది.

వీటిలో కొన్ని బ్యాటరీని ముందే చంపేస్తాయి, ఒకటి కారులో ఎలక్ట్రానిక్స్‌ని కాల్చేయగలదు. నమ్మి చేస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కొక్కటీ తీసుకుని చెబుతాను.

మొదటిదాని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే అందరూ చేసేది అదే. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి 150, 200 ఆంపియర్లు పోతాయి గానీ ఒకటి రెండు సెకన్లే, లెక్కేస్తే 0.1 ఏహెచ్ దగ్గర తేలుతుంది. అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం బండి ఆపి లాక్ చేశాక మొదలవుతుంది. అలారం, గడియారం, రిమోట్ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే రిసీవర్, లోపలి కంప్యూటర్లు అన్నీ కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటాయి, 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు మామూలే. 50 అనుకుంటే రోజుకి 1.2 ఏహెచ్. అంటే 45 ఏహెచ్ బ్యాటరీ కదలకుండా ఉంటే మూడు వారాల్లో సగం పైనే ఖాళీ.

ఇప్పుడు ఆ అయిదు నిమిషాల సంగతి. ఐడిల్లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు, ఆల్టర్నేటర్ ఇవ్వగలిగిందే తక్కువ, అందులో ఇంజిన్ నడవడానికే కొంత పోతుంది, లైట్లూ ఏసీ వేస్తే ఇంకొంత. అన్నీ పోగా బ్యాటరీకి 10 ఆంపియర్లు అందాయనుకుందాం. అయిదు నిమిషాలకి 0.8 ఏహెచ్, సెల్ఫ్‌కి పోయింది తీసేస్తే 0.7. రోజుకి పోయేది 1.2 అయినప్పుడు ఇది దేనికి సరిపోతుంది? బండి లాగేది 20 మిల్లీ ఆంపియర్లే అయితే మాత్రం గట్టెక్కుతుంది, ఒప్పుకుంటాను. కానీ అప్పటికే డౌన్ అయిన బ్యాటరీని ఇలా నింపలేం, ఎందుకంటే కారులో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి అయిదో వంతు ఛార్జ్‌ని చాలా నెమ్మదిగా తీసుకుంటుంది, దానికి గంటలు పడుతుంది. ఇక ఎప్పుడూ సగం ఛార్జ్‌లో ఉండిపోయే బ్యాటరీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. దాన్నే సల్ఫేషన్ అంటారు. బ్యాటరీలు వయసు రాకుండానే పోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇంకోటి, అయిదు నిమిషాల్లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, సైలెన్సర్‌లో, ఆయిల్లో తేమ చేరుతుంది. మూసి ఉన్న గ్యారేజీలో ఇలా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణమే తీస్తుంది. మరి ఏం చేయాలంటే, వారానికోసారి రోడ్డెక్కించి అరగంటో ముప్పావుగంటో నడపండి. నెలల తరబడి తీయరంటే ఆటోమేటిక్ ఛార్జర్ పెట్టండి, అది లేకపోతే ఫుల్ ఛార్జ్ చేసి మైనస్ వైరు తీసేయండి, రేడియో, గడియారం సెట్టింగులు పోతాయంతే.

కుళాయి నీళ్లు. వద్దు. అందులో ఉండే క్లోరైడ్లు, ఇనుము, కాల్షియం ప్లేట్లని పాడుచేస్తాయి, ఒకసారి లోపలికి వెళ్లాక బయటికి తీయలేం. కాచి చల్లార్చినా ఆ లవణాలు పోవు. కొందరు డిస్టిల్డ్ వాటర్ బదులు ఏకంగా యాసిడ్ పోస్తారు, అదీ తప్పే, ఎందుకంటే ఛార్జింగ్‌లో విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా వెళ్లిపోయేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. ఛార్జ్ అయ్యాక పై గీత వరకు నీళ్లు కలపండి, ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి ఆ తర్వాతే ఛార్జ్ పెట్టండి. ఇదంతా మూతలున్న బ్యాటరీకే. సీల్డ్ బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో తెరవకండి. దాని మీద ఛార్జ్ ఉందని ఆకుపచ్చగా కనిపించే కన్ను కూడా లోపలి ఆరు సెల్స్‌లో (గదుల్లో) ఒక్కదాని సంగతే చెబుతుంది, మిగతా అయిదింట్లో ఒకటి పోయినా అది పచ్చగానే ఉండొచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా వైరు తీయడం అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. బండిలో బల్బులూ హారనూ తప్ప ఏమీ లేని రోజుల్లో మెకానిక్కులు ఇలా చూసేవారు, అప్పటి అలవాటు ఇప్పటికీ నడుస్తోంది. ఛార్జ్ తీసుకుంటున్న బ్యాటరీని ఒక్కసారిగా తీసేస్తే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటుకి దారి లేక వోల్టేజ్ క్షణంలో ఎగబాకుతుంది, ఇంజిన్ కంప్యూటరో ఆల్టర్నేటర్‌లోని డయోడ్లో పోవచ్చు. బ్యాటరీ ఖరీదు ఆదా చేయబోయి అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సిన పరిస్థితి. పైగా బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ ఎంతో కొంత ఇస్తోందని తెలుస్తుంది, సరిపడా ఇస్తోందో లేదో తెలియదు.

దయచేసి వోల్టేజ్ కొలిచే ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక ప్లస్, మైనస్ మధ్య చూస్తే 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావే మిగిలింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. కొత్త బండ్లలో కొన్నిటికి ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కాసేపు తక్కువ చూపిస్తే కంగారు పడకండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే, అదీ ఫుల్ ఛార్జ్‌లో ఉండి కూడా పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీ మార్చే ఆలోచన చేయండి.

ఎప్సమ్ ఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేట్. రాలిపోయిన ప్లేటు పదార్థాన్ని అది వెనక్కి తేదు, షార్ట్ అయిన సెల్‌ని బాగుచేయదు, గట్టిపడిన సల్ఫేట్‌ని కరిగించదు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఏహెచ్ విషయంలో సగం నిజం ఉంది. కొంచెం ఎక్కువ ఏహెచ్ పెడితే ఆల్టర్నేటర్ కాలిపోతుందని భయపెట్టేవాళ్ల మాట కూడా నమ్మక్కర్లేదు. కానీ ఏహెచ్ చెప్పేది ఎంతసేపు ఇవ్వగలదని, ఒక్క ఊపులో ఎంత ఇవ్వగలదో చెప్పేది సీసీఏ, అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు వోల్టేజ్ 7.2 కంటే దిగకుండా ఇవ్వగలిగిన ఆంపియర్లు. కంపెనీ చెప్పిన సీసీఏ కంటే తక్కువది తీసుకోవద్దు. తర్వాత సైజు. ట్రేలో సరిగ్గా కూర్చోవాలి, క్లాంపు బిగియాలి, ప్లస్ ఏ వైపు ఉందో సరిచూసుకోవాలి. వదులుగా ఊగే బ్యాటరీలో కుదుపులకి ప్లేట్లు దెబ్బతింటాయి, అప్పుడు ఎక్కువ ఏహెచ్ పెట్టి లాభమేముంది? సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే బండి అయితే మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ అనే రకం బ్యాటరీ ఉంటుంది. ఏజీఎం ఉన్నచోట ఏజీఎమే పెట్టండి, మామూలుది పెడితే త్వరగా పోతుంది. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, అదీ అడగండి. తయారైన తేదీ కోడ్ తప్పకుండా చదివించుకోండి, షాపులో నెలల తరబడి ఛార్జ్ లేకుండా పడున్న "కొత్త" బ్యాటరీ అప్పటికే సల్ఫేషన్‌తో ఉండొచ్చు.

గచ్చు సంగతి: ఇప్పటి బ్యాటరీ డబ్బాలు పాలీప్రొపిలీన్‌వి, కింద సిమెంటున్నా చెక్కున్నా తేడా లేదు. ఎక్కడ పెట్టినా బ్యాటరీ తనంతట తాను డిశ్చార్జ్ అవుతుంది, వేడిగా ఉన్నచోట ఇంకా త్వరగా.

ఆ మెసేజ్‌లో వేడి గురించి ఒక్క మాట లేకపోవడమే నాకు బాధగా ఉంది. చలిలో బండి స్టార్ట్ కాక మనం చలిని తిట్టుకుంటాం గానీ, బ్యాటరీని లోపల తినేసేది వేడే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడుతుందని ఈ రంగంలో వేసుకునే లెక్క. మూడు నుంచి అయిదేళ్లు వస్తే మంచి బ్యాటరీయే, పదేళ్లని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నీడలో ఆపండి, బ్యాటరీకి కంపెనీ ఇచ్చిన వేడి కవచం ఉంటే తీసి పారేయకండి.

బ్యాటరీ మార్చేముందు టెర్మినళ్లు, అంటే వైర్లు బిగించే కొసలు చూడండి. తెల్లగానో నీలంగానో పొడి పట్టి ఉంటే మంచి బ్యాటరీ కూడా సెల్ఫ్ తిప్పలేదు. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు ప్లస్ ముందు. ఎందుకంటే మైనస్ తగిలి ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలిందంటే షార్టే. జంప్ స్టార్ట్ చేసేటప్పుడు కూడా నల్ల వైరు చివరి కొసని డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కి కాకుండా, బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని లోహానికి తగిలించండి, ఆ నిప్పురవ్వ బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ దగ్గర పడకూడదు.