'ఇతరములు' గారికో నూలుపోగు

అయ్యా 'ఇతరములు' గారూ,

చంద్రుడికో నూలుపోగన్నారు కదా, అందుకే తమకీ ఉత్తరం. దేశదేశాల కస్టమ్స్ వాళ్లు సరుకులకు నంబర్లిచ్చే పట్టికల్లో, విడిగా పేరు దక్కని వాటిని పోసే వరస తమరు. అక్కడ పత్తికి ఏకంగా 52వ అధ్యాయమంతా రాసిచ్చారు. 53వ అధ్యాయంలో అవిసె నూలుకి 5306 నంబరు, జనపనార నూలుకి 5307. మిగిలిన మొక్కల నార నూళ్ల బంధుగణమంతా 5308లో, తమ పంచన.

కొబ్బరి పీచుకీ, గంజాయి జాతి నార హెంప్‌కీ లోపల చెరో గది ఇచ్చారు, సంతోషం. ఫిలిప్పీన్స్ అబాకా అరటికి చుట్టం, బ్రెజిల్ సిసల్ కిత్తనారకు తోబుట్టువు, చైనా రామీ ఈ రెంటికీ ఏమీ కాదు. ముగ్గుర్నీ ఒకే గాటన కట్టేశారు. పైగా కాగితపు నూలు కూడా తమ పద్దే! ఎవరో కాగితం చీలికల్ని మెలితిప్పినా తమ గ్రాఫు లేస్తుంది. అది చూసి మేం మొక్కల నారకు మంచిరోజులొచ్చాయని మురిసిపోతాం.

నాకు బాగా నచ్చింది తమ పేటల చట్టం. కొబ్బరి పీచుని నెలల తరబడి నీళ్లలో నానబెట్టి, కొట్టి, రెండు పేటలుగా పేనితే నూలు. అదే మనిషి, అదే పీచుకి మూడో పేట కలిపాడా, అది తాడు! నూలు లెక్కలోంచి మాయమై తాళ్ల నంబరు 5607లో తేలుతుంది. సిసల్‌కైతే తూకం: మీటరు పోగు 2 గ్రాములు దాటితే తాడే. ఏ దేశంలోనైనా నూలు తగ్గిందంటే పంట ఎండిందో, పేనేవాడికి హుషారెక్కి ఇంకో పేట వేశాడో తమకే ఎరుక.

సొంత నంబరున్న అవిసె బతుకూ అంతంతే. ఫ్రాన్స్‌లోని నార్మండీలో మొక్కని వేళ్లతో సహా పీకి, నార ఊడొచ్చేలా పొలంలోనే పరిచి రాత్రి మంచుకి వదిలేస్తారు. ఆ నారలో చాలాభాగం ఓడెక్కి చైనా వెళ్లి నూలవుతుంది. పట్టికలో పేరు మిల్లున్న దేశానిది, మంచులో తడిసిన పొలం ఊసే ఉండదు.

1960లలో ఏటా 2 లక్షల టన్నులు దాటిన టాంజానియా సిసల్ ఆ తర్వాత కుప్పకూలింది. ప్లాస్టిక్ తాళ్ల దెబ్బ అందులో పెద్దది. ఈ పట్టికలు అమల్లోకొచ్చింది 1988లో కాబట్టి, ఆ పాపం తమది కాదులెండి.

ఇంకా రాసేవాణ్ణే. కానీ ఈ కవరు కట్టడానికి తెచ్చిన పురికొస రెండు పేటలా మూడా అని విప్పి చూసుకుంటున్నాను.

ఇట్లు,
పట్టిక చివరి వరస దాకా చదివే ఒకడు