పిల్లల బట్టలు పిల్లలకే అప్పగిద్దాం

వేసవి సెలవులు రాగానే విదేశంలోని మన తెలుగు సంఘంలో ఉన్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలు చాలావరకు పిల్లలను వెంటబెట్టుకొని చెన్నైలో విమానం దిగి, సూళ్లూరుపేట, గూడూరు మీదుగా సొంత ఊళ్లకు చేరుకుంటాయి. అవ్వాతాతల దగ్గర గడిపే ఆ కొద్ది వారాల్లో పిల్లలకు తెలుగు మాట పట్టుబడాలని, బంధువుల వరసలు తెలియాలని మనం కోరుకుంటాం. అది న్యాయమైన కోరికే. అయితే ఏడాది పొడవునా బతిమాలి, కోప్పడి నేర్పిన ఇంటిపనులు ఆ వారాల్లోనే ఒక్కటొక్కటిగా చేజారిపోతాయి, వాటిలో అన్నిటికంటే ముందు పోయేది బట్టల పని. ఊహ తెలిసిన పిల్లలకు, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా, తమ బట్టల బాధ్యతను విడిచిన చోటి నుంచి బీరువాలో సర్దేవరకు మొత్తంగా అప్పగించాలనీ, సొంత ఊరిలో ఉన్నన్నాళ్లూ ఆ బాధ్యత వారిమీదే ఉండాలనీ నా గట్టి అభిప్రాయం.

ఈ పనిలో పిల్లల చేత సాయం చేయించుకోవడం ఎంత ఓపిక తినే వ్యవహారమో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు. "వస్తున్నా" అన్న మాట పక్కగదిలోంచి వినిపిస్తుంది కాని మనిషి రాడు. సాక్సులు ఉండలు చుట్టుకుపోయి మంచం కింద దొరుకుతాయి, అవీ జతలో ఒకటే. జేబులో మరిచిపోయిన టిష్యూ కాగితం వాషింగ్ మెషిన్‌లో ముక్కలు ముక్కలై నల్లచొక్కాల నిండా అంటుకుంటుంది, దాన్ని దులపడానికి ఉతికినంత సేపు పడుతుంది. వీటన్నిటినీ మించినది మరొకటి ఉంది. ఉతికి ఆరిన బట్టలను మడతపెట్టమని ఇస్తే, మడతపెట్టే శ్రమ తప్పించుకోవడానికి వాటిని ఎవరూ చూడకుండా తిరిగి మాసిన బట్టల బుట్టలోనే వేసేస్తారు. బుట్టలోంచి తీసిన చొక్కాకు చెమట వాసన బదులు సబ్బు వాసన తగిలినప్పుడు తల్లికి ముందు అనుమానం, తరువాత కోపం, ఆ తరువాత ఆపుకోలేని నవ్వు వస్తాయి. మా అబ్బాయి ఏడో తరగతి. "రేపు మళ్లీ వేసుకొనే చొక్కాను ఈవేళ మడతపెట్టడం ఎందుకమ్మా?" అని వాడు అడిగినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరికీ వెంటనే జవాబు తోచలేదు.

ఈ చికాకంతటికీ పిల్లల బద్ధకమే కారణమని నేను అనుకోను. మనం వారికి పనిని ముక్కలు చేసి ఇస్తాం. ఒకరోజు దండెం మీది బట్టలు తెమ్మంటాం, మరొకరోజు మడతపెట్టమంటాం, ఇంకొకరోజు మెషిన్ మీట నొక్కి రమ్మంటాం. ఏ బట్ట ఎప్పుడు నానాలో, దేనితో దేన్ని కలపకూడదో, రేపటికి ఏది కావాలో అన్న ఆలోచన అంతా తల్లి నెత్తిమీదే ఉంటుంది. తలా తోకా తెలియని పనిలో నడిమి ముక్క మాత్రం చేయమంటే పెద్దవాళ్లకైనా మనసు ఒప్పదు. తన చొక్కా మాసిపోతే తనకే చొక్కా ఉండదన్న సంగతి పిల్లవాడికి తెలియాలంటే, ఆ చొక్కా సంగతి మొదటి నుంచి చివరి వరకు వాడి చేతిలోనే ఉండాలి.

అలా అప్పగించడానికి నెల్లూరు జిల్లాలోని మన పుట్టిళ్లకంటే మంచి చోటు లేదు. కోవూరులోని మా అమ్మగారింట్లో వాషింగ్ మెషిన్ ఉంది, అయినా పెరట్లో కుళాయి పక్కన ఉతుకుడు బండ కూడా ఇంకా ఉంది. డాబామీద ఈ చివర నుంచి ఆ చివరకు దండెం కట్టి ఉంది. బట్టలన్నీ డ్రయ్యర్‌లోంచి వెచ్చగా బయటికి రావడమే చూసిన మన పిల్లలకు, చొక్కాను దులిపి, తిరగేసి, గాలికి ఎగిరిపోకుండా క్లిప్పు పెట్టి ఆరేయడం కొత్త విద్య. ఎందుకు తిరగేయాలో రోహిణీ కార్తె ఎండే నేర్పుతుంది. తిరగేయకుండా మధ్యాహ్నమంతా వదిలేసిన నీలం టీషర్టు భుజాల దగ్గర వెలిసిపోతే, ఆ పాఠానికి మళ్లీ మన ఉపన్యాసం అక్కరలేదు.

ఒక మరక విషయం కాస్త వివరంగా చెప్పాలి. చేపల పులుసు తింటున్నప్పుడు మా అబ్బాయి తెల్లచొక్కా మీద పులుసు ఒలికింది. తన బట్టలు తనే ఉతుక్కోవాలన్న ఒప్పందం ఉంది కనుక వాడు బండ దగ్గరికి వెళ్లి ఆ పసుపుపచ్చ మరకమీద బట్టలసబ్బు గట్టిగా రుద్దాడు. మరక పోవడం అటుంచి ఎర్రగా మారింది. చొక్కాకు రక్తం అంటినట్టు కనిపించేసరికి వాడు భయపడి, "అవ్వా, అవ్వా" అని పెరడు అదిరేలా కేకపెట్టాడు. మా అమ్మ తొణకకుండా వచ్చి చూసి, "ఏం కాదబ్బయ్యా, పసుపుకు సబ్బు తగిలితే అట్టే ఎర్రబడతది, జాడించి ఎండలో ఎయ్యి, అదే పోతది" అంది. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే రంగు పదార్థం సబ్బులోని క్షారం తగిలినప్పుడు ఎర్రబడుతుందని, జాడించాక మళ్లీ పసుపుపచ్చగా మారుతుందని, ఎండ తగిలితే విచ్ఛిన్నమై వెలిసిపోతుందని వాడు తరువాత వెతికి తెలుసుకున్నాడు. బడిలో క్షారాల గురించి చదివినప్పుడు పట్టని సంగతి చొక్కామీద చూసి పట్టింది. అదే వారంలో మామిడికాయ సొన పడిన మరో చొక్కాను అదే ధీమాతో ఎండలో వేశాడు కాని ఆ మరక పోలేదు. దానితో కాయ కోసేటప్పుడు పాత చొక్కా వేసుకోవడం తనంతట తనే మొదలుపెట్టాడు.

నీళ్ల సంగతి కూడా పిల్లలకు బట్టల దగ్గరే తెలుస్తుంది. పెన్న పక్కనున్న కోవూరులో కాస్త బట్టలసబ్బుతో బక్కెట్టు నిండా నురుగు వస్తే, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరిలో మా చెల్లెలి ఇంటి బోరు నీళ్లకు ఎంత రుద్దినా నురుగు నిలవలేదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టెలా పేరుకుపోవడమే దానికి కారణం. "పిన్నీ, మీ సబ్బు పాడైపోయింది" అని మా నాలుగో తరగతి అమ్మాయి ప్రకటించింది. సబ్బు బాగానే ఉంది, నీళ్లే కఠినం అని వాళ్ల పిన్ని చెప్పి, తాగేందుకు వేరే నీళ్లు ఎందుకు కొనుక్కుంటారో కూడా వివరించింది. కనిగిరి ప్రాంతంలో దశాబ్దాలుగా ఉన్న ఫ్లోరైడ్ బాధ గురించి మన పిల్లలు మొదటిసారి విన్నది అలా బట్టల బక్కెట్టు పక్కన కూర్చొనే. జాడించే నీళ్లను ఆ ఇంట్లో కొబ్బరిచెట్టు పాదులోకి మళ్లించే కాలువను చూశాక, కుళాయి తెరిచి వదిలేసే అలవాటు కొంత తగ్గింది.

నష్టాలు ఉండవని నేను చెప్పడం లేదు. ఎర్ర టీషర్టును తాతగారి తెల్లపంచెలతో కలిపి మెషిన్‌లో వేస్తే ఏమవుతుందో అదే మా ఇంట్లోనూ అయింది. లేత గులాబీరంగు పట్టిన పంచెను తీసి పక్కన పడేయకుండా, మనవడు ఉతికిన పంచె అని చెప్పుకుంటూ దాన్నే కట్టుకొని మా నాన్నగారు నెల్లూరులోని తల్పగిరి రంగనాథస్వామి గుడికి వెళ్లివచ్చారు. వాడు సిగ్గుతో కుంచించుకుపోయాడు, ఆనాటి నుంచి తెల్లబట్టలు వేరు, రంగుబట్టలు వేరు చేయకుండా మెషిన్ మూత మూయడం లేదు. ఒక పంచె ఖరీదుకు ఇంత నేర్పు రావడం చవకే అని నా లెక్క.

అసలు అడ్డంకి పెద్దవాళ్ల నుంచి వస్తుంది. "ఏందమ్మే ఇది, సెలవులకొచ్చిన పసిబిడ్డ చేత గుడ్డలు ఉతికిస్తా ఉండావు, చూసినోళ్లు ఏమనుకుంటారు?" అని మా అమ్మ మొదట్లో నన్ను నిలదీసింది. ఆమె ప్రేమను నేను తప్పుపట్టను. కాని ఈ మాట వెనక ఉన్న ఒక పాత అలవాటును మనం సూటిగా చూడాలి. మన ఊళ్లలో బట్టలు ఉతకడం చాలా ఇళ్లలో ఇంటిపనిగా ఉండేది కాదు, రజక కుటుంబాల మీద వేసిన పని అది. చౌడుమట్టితో ఉబ్బవేసి, రేవులో బండకేసి ఉతికి, ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో చెరగని గుర్తులు పెట్టి, లెక్కతప్పకుండా ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి, పంటకాలంలో కొలిచే గింజలకోసం ఏడాదంతా ఎదురుచూసేవారు. ఆ కుటుంబాల పిల్లలు కూడా తెల్లవారకముందే రేవుకు మూటలు మోశారు. వాళ్లను చూసి పసిబిడ్డలని ఎవరూ జాలిపడలేదు. మన పిల్లవాడు తన సొంత చొక్కాను తాను ఉతుక్కోవడం మాత్రం మనకు చిన్నతనంగా తోస్తుందంటే, ఆ భావన ప్రేమ నుంచి కాక ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించుకోవాలి. ఇదే మాట మా అమ్మతో మెల్లగా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు, ఆ తరువాత కాలరు మురికి పోవాలంటే ముందు తడిపి సబ్బు రాసి నాననివ్వాలని మనవడికి తనే చూపించింది.

రెండో అడ్డంకి ఇంకా గట్టిది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు దండెం మీది బట్టలు తెమ్మని చుట్టాలందరూ చెల్లెలినే పిలుస్తారు. అన్న వయసులో పెద్ద, చేతులు బారు, దండెం వాడికే అందుతుంది, అయినా పిలుపు ఆడపిల్లకే వెళుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఆరేళ్లు, ఆపైబడిన ఆడవారిలో 81.2 శాతం మంది సర్వే చేసిన రోజున జీతంలేని ఇంటిపని చేయగా, మగవారిలో ఆ పని ముట్టుకొన్నవారు 26.1 శాతమే. అలా చేసినవారిలోనూ ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఈ అంకెలు దండెం దగ్గర ఎవరిని పిలుస్తామన్న దానితోనే మొదలవుతాయి. ఆ పిలుపును నేను ప్రతిసారీ అందరి ఎదుటా సరిదిద్దుతాను, చుట్టాలు నొచ్చుకున్నా మానను.

చదువులకు సమయం చాలదన్న వాదన నాకు బలంగా కనిపించదు. నానబెట్టిన బట్ట తనంతట తనే నానుతుంది, ఆరేసింది తనంతట తనే ఆరుతుంది, పిల్లలు చేయవలసినదంతా కలిపితే ఫోను చూసే సమయంలో చిన్న ముక్క. డిసెంబరు సెలవులకు వెళ్లేవారికి ఈశాన్య రుతుపవనాల ముసురు ఉంటుంది కనుక తక్కువ బట్టలు నానబెట్టి, వరండాలో ఫ్యాను కింద ఆరేయించాలి, అంతే తేడా.

పిల్లలకు అప్పగించాక పెద్దలు పాటించవలసిన కట్టడి ఒకటుంది. వంకరగా మడతపెట్టిన చొక్కాను వారు చూస్తుండగా విప్పి మళ్లీ మడతపెట్టకూడదు, వారు నిద్రపోయాక కూడా పెట్టకూడదు. పెళ్లికి వేసుకోవలసిన చొక్కా మాసిన బుట్టలోనే ఉండిపోతే, ఆ పెళ్లికి మరో చొక్కాతో వెళ్లనివ్వాలి. నలుగురిలో పరువు పోతుందన్న బెంగతో చివరి నిమిషంలో మనమే ఉతికి, ఇస్త్రీ చేయించి చేతికిస్తే అప్పటిదాకా పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ప్రయాణానికి ముందే అవ్వాతాతలకు ఫోను చేసి ఈ ఏర్పాటు గురించి చెప్పండి, పిల్లల ఎదుట చెబితే వారికి అది ఫిర్యాదులా వినిపిస్తుంది. ఇంట్లో పనిచేసే ఆమెతో కూడా మీరే మాట్లాడండి. పిల్లలు తమ బట్టలు తామే ఉతుక్కుంటున్నారు కదా అని ఆమె జీతంలో ఒక్క రూపాయి తగ్గించవద్దని మీ అమ్మానాన్నలకు స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే చుట్టాలు వచ్చిన ఆ వారాల్లో దుప్పట్లు, తువ్వాళ్లు, అంట్లు అన్నీ పెరిగి ఆమె పని మామూలు కంటే ఎక్కువే అవుతుంది.