మనాలీ తర్వాత సంగతి, ముందు ముఖలింగం వెళ్లి రండి

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒంటరి ప్రయాణాల వీడియోలే. వీపున పెద్ద బ్యాగు, వెనకాల మంచుకొండ, కింద "నన్ను నేను వెతుక్కుంటున్నాను" అని ఒక ముక్క. వెతుక్కోండి, కాదనను. అవి చూసి మా ఆఫీసులో ఒకమ్మాయి ఏకంగా మనాలీకి టికెట్ తీస్తానంటోంది. ఆ పిల్ల శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా కూడా ఏనాడూ ఒక్కతే వెళ్లి ఎరగదు. ఎప్పుడెళ్లినా నాన్న బండి మీదో, అన్నయ్య కారులోనో. అందుకే ఈ పోస్టు. నా మట్టుకు నాకు ఒంటరిగా తిరగడం సొంత జిల్లాలోనే నేర్చుకోవాలి. ఇక్కడ భాష మనది, బస్సు మనది, ఏదైనా తేడా వస్తే గంట రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది తిరుగు బస్సు సంగతి. వెళ్లడం ఎవరికైనా వచ్చు. శ్రీముఖలింగమే తీసుకోండి. వంశధార ఒడ్డున తూర్పు గాంగుల నాటి గుళ్లు మూడున్నాయి, మధుకేశ్వరుడిది, భీమేశ్వరుడిది, సోమేశ్వరుడిది. సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాలు చూస్తూ నిలబడితే పొద్దు ఎటుపోయిందో తెలీదు. చిక్కంతా అక్కడే. జిల్లా కేంద్రం నుంచి నేరుగా వెళ్లే బస్సులు తక్కువ కాబట్టి చాలామంది నరసన్నపేటలో దిగి, జలుమూరు వైపు పోయే బస్సో సర్వీసు ఆటోనో పట్టుకుంటారు. పొద్దున ఆటో ఇట్టే దొరికింది కదా అని సాయంత్రం కూడా దొరుకుతుందనుకోకండి. జనం నిండితేనే ఆటో కదులుతుంది. చీకటి పడే వేళకి పేట వైపు వచ్చే జనం ఉండరు, ఉన్న ఆటోవాడు మొత్తం బాడుగ మన ఒక్కళ్ల దగ్గరే అడుగుతాడు.

కాబట్టి దిగగానే గుడి వైపు నడవకండి. బస్సు ఆగే చోట టీ బడ్డీ ఉంటుంది, అక్కడికెళ్లి ఆఖరి బస్సు ఎన్నింటికని అడగండి. ఒకరినే అడిగి ఊరుకోవద్దు. టీ కొట్టాయన ఆరున్నర అంటాడనుకోండి, పక్కన అరటిపళ్లు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ "ఆరున్నరదా? అది వస్తే వస్తాది, లేకపోతే లేదు. ముందుది ఎక్కీమ్మా, ఎల్లిపోద్ది" అంటుంది. ముసలమ్మ మాటే వినండి. ఆవిడ రోజూ గంప నెత్తిన పెట్టుకుని ఆ బస్సు కోసమే చూస్తుంది. ఫోన్లో మ్యాపు చూపించే టైములు ఏ కాలం నాటివో దానికే తెలీదు. ఆఖరిదానికి ముందొచ్చే బస్సునే మన ఆఖరి బస్సు అనుకుని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బయట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి సుమారు 13 కిలోమీటర్లు. అది తెలియక నడిరాత్రి దిగి, బ్యాగు రెండు కాళ్ల మధ్య పెట్టుకుని ఆటోవాళ్లతో బేరాలాడే పిల్లల్ని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. రాత్రి బండి దిగితే నలుగురూ ఉన్న వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోండి, పరువేం పోదు. విజయనగరం ఈ విషయంలో నయం, స్టేషన్ ఊళ్లోనే ఉంది. అసలు టికెట్ తీసేటప్పుడు అందరూ బండి ఎక్కే టైమే చూస్తారు. ఒంటరిగా పోయేవాళ్లు చూడాల్సింది దిగే టైము.

రైల్లో ఎవడైనా ఇబ్బంది పెడితే 139కి కొట్టండి. చట్టంలో కూడా అదే నంబరు, మర్చిపోరు. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం, టికెట్ లేకుండా ఒంటరిగా ప్రయాణిస్తున్న ఆడమనిషిని సైతం రాత్రిపూట దింపేయడానికి వీల్లేదు. దింపితే ఆమె బండెక్కిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, బండి ఆఖరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో దింపాలి, అదీ పగటిపూట. టికెట్ కొనొద్దని చెప్పడం లేదు. బెర్త్ దగ్గర తేడా వచ్చి ఎవరైనా "దిగిపో" అని గద్దిస్తే వణికిపోకుండా ఉండటానికి చెబుతున్నా. బయటైతే 112, ఆడవాళ్లకి 181. ఇవి ఫోన్లో సేవ్ చేసుకుంటే సరిపోదు, నోటికి రావాలి.

ఇక ప్రశ్నలు. మన వైపు ఒక్కతే బస్సెక్కితే చాలు, పక్క సీటావిడ మొదలెడుతుంది. "ఏటమ్మా, ఒక్కర్దానివే ఎల్తన్నావా? ఏ ఊరు మీది? పెళ్లయిందా? మీ అమ్మోళ్లు ఏటనలేదా?" దీనికి విసుక్కుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకునేవాళ్లు ఉన్నారు. నేను పెట్టుకోను. ఊరి పేరు చెప్పి, రెండు మాటలు మాట్లాడతాను. అలా కదిలించిన ఆవిడే నేను దిగాల్సిన చోటు కండక్టర్‌కి గుర్తు చేస్తుంది, గుడి దాకా తోడొస్తుంది. ఒకసారి ఒకావిడైతే ఎండలో పోతున్నానని సంచీలోంచి మజ్జిగ సీసా తీసి బలవంతాన తాగించింది.

అదే ప్రశ్న ఆటో నడిపేవాడో, బడ్డీ దగ్గర ఊరికే నిలబడ్డవాడో అడిగితే జవాబు వేరు. "మా అన్నయ్య జంక్షన్లో ఉన్నాడు, వస్తున్నాడు." అన్నయ్య ఉన్నా లేకపోయినా సరే. అబద్ధం ఆడకూడదు, మనుషుల్ని నమ్మాలి అని నాకు నీతులు చెప్పినవాళ్లంతా మగవాళ్లే కావడం కాకతాళీయం కాదు. ఆటో ఎక్కేముందు నంబరు ఫోటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపండి. డ్రైవర్ చూస్తుండగా పంపండి, అది ముఖ్యం.

లాడ్జీల దగ్గర మాత్రం నా ఓపిక నశించింది. మన ఊళ్లలో కొన్ని చోట్ల ఆడమనిషి ఒక్కతే వస్తే రూమ్ ఇవ్వరు. ఒక లాడ్జి కౌంటర్ దగ్గర ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "లోకల్ కార్డండీ, పైగా సింగిల్, కష్టం" అన్నారు. ఎందుకు కష్టం? నా కార్డు, నా డబ్బు, నా సంతకం. అడిగితే "ఓనర్ గారు ఒప్పుకోరు" తప్ప ఇంకో ముక్క లేదు. అప్పట్నుంచి ముందే ఫోన్ చేసి సూటిగా అడుగుతున్నాను, "ఒక్కదాన్నే వస్తున్నాను, కార్డు ఈ జిల్లాదే, రూమ్ ఇస్తారా ఇవ్వరా?" అని. ఆన్‌లైన్లో డబ్బు కట్టేసినా సరే ఈ ఫోన్ మానకండి.

దీనికన్నా పెద్ద బాధ ఇంకోటి ఉంది, ఏ వీడియోలోనూ చెప్పరు. బాత్రూమ్. ఆడవాళ్లు ఒంటరిగా బయల్దేరితే పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్లు తాగరు, ఎక్కడికెళ్లాలో తెలియక. మే నెల ఎండలో ఇలా చేస్తే కళ్లు తిరిగి పడిపోతారు, ఆనక యూరిన్ ఇన్ఫెక్షన్ అని డాక్టర్ చుట్టూ తిరగాలి. నీళ్లు తాగండి. దారిలో పెట్రోల్ బంకుల్లో అడగండి, బండిలో పెట్రోల్ పోయించుకోకపోయినా వాడుకోవచ్చు. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, సిగ్గుపడాల్సింది మనం కాదు. మీ దారిలో ఎక్కడ శుభ్రంగా ఉందో గుర్తుపెట్టుకుని స్నేహితురాళ్లకి చెప్పండి. గుడి చరిత్ర కన్నా ఆ కబురే వాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

మిగతావి చిన్నవి. పల్లెల్లో సిగ్నల్ పోతే ఫోన్ పే పని చెయ్యదు, పది ఇరవై నోట్లు దగ్గరుండాలి. డబ్బంతా ఒకే పర్సులో పెట్టొద్దు. కళింగపట్నంలో లైట్‌హౌస్ చూడండి, వంశధార సముద్రంలో కలిసే చోట ఎంతసేపైనా కూర్చోండి, ఒంటరిగా నీళ్లలోకి మాత్రం దిగకండి. అలల లాగుడు ఒడ్డు నుంచి కనపడదు. అక్టోబర్‌లో బయల్దేరేవాళ్లు వాతావరణం వార్త చూసి కదలండి, 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను వచ్చింది ఆ నెలలోనే. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. అది తప్పకుండా చూడాల్సిందే, కానీ మొదటి ఒంటరి ప్రయాణానికి అంత జనం పనికిరాదు. శ్రీకూర్మం వెళ్లండి, గుళ్లో నక్షత్ర తాబేళ్లు చూసి పగటి వెలుగుండగానే వచ్చేయొచ్చు.

చివరిగా, ఉచిత బస్సు పెట్టాక ఆడవాళ్లు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని టీ బడ్డీల దగ్గర కూర్చుని ఏడ్చేవాళ్లకి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కార్డు చూపిస్తే చార్జీ లేదు. అవును, తిరుగుతున్నాం. మీరు ఏ పని మీద ఆ బడ్డీ దగ్గర పొద్దుట్నుంచి కూర్చున్నారో మేమెప్పుడైనా అడిగామా? సంతకి తప్ప ఊరు దాటని పెద్దమ్మలు ఇప్పుడు రామతీర్థం వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తున్నారు, మధ్యలో మీకేంటి నొప్పి?

అమ్మాయిలూ, ఆధార్ జిరాక్స్ కాదు, అసలు కార్డే పట్టుకెళ్లండి. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్‌ని ఉండచుట్టి కిటికీలోంచి పారేయకండి, చెకింగ్ వాళ్లు ఎక్కితే అదే అడుగుతారు.