పెద్దమ్మ నడవగలిగినంతే పారిస్

విజయవాడలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఈ దసరా సెలవులకు ఇంటిల్లిపాదినీ పారిస్ తీసుకెళ్దామనుకుంటున్నాడు. అన్నయ్య, వదిన, పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, అరవై ఎనిమిదేళ్ల మా పెద్దమ్మ. ఒక ట్రావెల్ ఏజెంటు వేసిచ్చిన ప్లాన్‌ను నాకు వాట్సాప్‌లో పంపి, "ఎలా ఉందో చూసి చెప్పరా" అన్నాడు. ఎనిమిది రోజులు, అయిదు దేశాలు. అందులో పారిస్ వాటా ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులోనే ఈఫిల్ టవర్ రెండో అంతస్తు, సెన్ నదిలో పడవ షికారు, నోట్రడామ్ చర్చి, షాంజెలిజే వీధి, లూవ్ర్ మ్యూజియం. లూవ్ర్ పక్కన బ్రాకెట్లో 'బయటి నుంచి' అని ఉంది.

నేను మొదటిసారి పారిస్ చూసింది కూడా ఇలాంటి ప్యాకేజీలోనే. లూవ్ర్ వాకిట్లోని గాజు పిరమిడ్ ముందు ఇరవై నిమిషాలు ఆపారు. ఫొటోలు దిగాం. తలలు లెక్కపెట్టి మళ్లీ బస్సెక్కించారు. ఇంటికొచ్చాక చుట్టాలందరూ అడిగింది ఒకటే ప్రశ్న: "ఎన్ని ప్లేసులు కవర్ చేశారు?" పిల్లాజెల్లాతో, పెద్దవాళ్లతో చేసే ప్రయాణాలను పాడుచేస్తున్నది ఈ 'కవర్ చేయడం' అనే ఆలోచనేనని నా గట్టి నమ్మకం. చూడాల్సిన వాటి జాబితా ముందు రాసుకుని, మనుషుల్ని దానికి తగ్గట్టు పరుగెత్తిస్తున్నాం. ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో చూసుకుని, ఆ అడుగుల లెక్కతో ప్లాన్ మొదలుపెట్టాలి.

అలాగని అయిదు దేశాల ప్యాకేజీ కొనేవాళ్లను నేను తప్పుపట్టను. దాని వెనక ఒక భయం ఉంది: మళ్లీ వస్తామో రామో. ఆ భయం ఊరికే పుట్టలేదు. యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండేళ్లలోపు ఉన్న పిల్లలకు 45 యూరోలు. మా అన్నయ్య కుటుంబానికి ఫీజే 360 యూరోలవుతుంది. దాని మీద సర్వీసు చార్జీ, మనిషికి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండే ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు లెటర్లు, అపాయింట్‌మెంట్ కోసం రోజూ వెబ్‌సైట్ చూడటం. ఇంతా పడ్డాక చేతికొచ్చే వీసా 29 దేశాల్లో చెల్లుతుంది. "ఇంత ఖర్చు పెట్టి ఒక్క ఊరేనా?" అనిపించడం సహజం. ఏజెంట్లు అమ్ముతున్నది కూడా ఆ ప్రశ్ననే.

కానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరు. బ్రసెల్స్ నుంచి పారిస్‌కు రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌కు అంతకు రెట్టింపు. యూరప్ చట్టం ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. అది మంచి చట్టమే, కానీ దాంతో ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు బస్సులోనే తెల్లవారి బస్సులోనే పొద్దుగూకుతుంది. పొద్దున్నే అయిదున్నరకు లేచి పెట్టె సర్దడం, రాత్రి కొత్త హోటల్లో పెట్టె విప్పడం. ఎనిమిది రోజుల్లో మూడు నాలుగు రోజులు ఇలా పోతాయి. ఆరేళ్ల పిల్లాడికి గుర్తుండేది బస్సు కిటికీ.

ఇక మళ్లీ వస్తామో రామో అన్న భయం సంగతి. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారతీయుల కోసం ఒక వెసులుబాటు తెచ్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని, వాటిని నిబంధనల ప్రకారం వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువు ఉంటే అయిదేళ్లది దొరికే వీలుంది. అంటే ఈసారి పారిస్, మరోసారి రోమ్ అనుకునేవాళ్లకు దారి మునుపటికంటే సులువైంది. అందరికీ రెండోసారి వెళ్లే స్తోమత ఉండదు, ఆ మాటా నిజమే. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లయితే ఆ ఒక్క ఊరినైనా ఊపిరి తీసుకుంటూ చూడటం ఇంకా అవసరం.

రెండోసారి మా అమ్మనూ పిల్లలనూ తీసుకుని వెళ్లినప్పుడు నాకు పాఠం చెప్పింది మెట్రో. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. 300కు పైగా స్టేషన్లున్నాయి, నగరంలో ఎక్కడ నిలబడ్డా దగ్గర్లో ఒకటి కనిపిస్తుంది. మ్యాప్‌లో చూస్తే ఇంతకంటే సుఖం లేదనిపిస్తుంది. అయితే చాలా పాత స్టేషన్లలో లిఫ్టులు లేవు. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టు ఉన్న లైను 14వ నంబరు ఒక్కటే. షాట్లే స్టేషన్లో ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారడానికి పొడవాటి సొరంగాలు, మధ్యలో మెట్లు, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. మొదటి రోజు మా అమ్మ ఏమీ అనలేదు. రెండో రోజు పొద్దున మోకాలికి మందు రాసుకుంటూ, "మీరెళ్లి రండి, నేను గదిలో ఉంటాను" అంది. ఆ మాట విన్నాక నాకు ఆ ఊళ్లో ఏదీ చూడాలనిపించలేదు. అంతదూరం తీసుకొచ్చింది గదిలో కూర్చోబెట్టడానికా?

ఆ రోజు నుంచి బస్సులకు మారాం. పారిస్ సిటీ బస్సులు నేలకు దగ్గరగా ఉంటాయి, ఎక్కడం తేలిక. పైగా కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. 69వ నంబరు బస్సు ఈఫిల్ టవర్ దగ్గరి షాం ద మార్స్ నుంచి బయల్దేరి లూవ్ర్ పక్క నుంచి, బాస్టీల్ మీదుగా పోతుంది. పడవ షికారుకు ఎంత ఆనందించిందో అమ్మ ఆ బస్సుకూ అంతే ఆనందించింది. ఒక జాగ్రత్త: 2025 జనవరి నుంచి మెట్రో టికెట్టు వేరు, బస్సు టికెట్టు వేరు. ఒకదానితో ఇంకోటి ఎక్కడం కుదరదు. వారం పాస్ తీసుకుంటే అన్నిటికీ చెల్లుతుంది, విమానాశ్రయం రైలుతో సహా. కానీ ఆ వారం సోమవారం నుంచి ఆదివారం వరకే, మనం ఏ రోజు కొన్నా సరే. అందుకే విమానం టికెట్లు తీసేటప్పుడే పారిస్‌లో సోమవారం దిగేలా చూసుకొమ్మని అన్నయ్యకు చెప్పాను.

ప్లాన్ వేసేటప్పుడు ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం ఒంట్లోని గడియారం. వేసవిలో పారిస్ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. మొదటి రెండు మూడు రోజులు అందరికీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. సాయంత్రం ఆరు దాటేసరికి పిల్లలు ఒళ్లో వాలిపోతారు. ఈఫిల్ టవర్ మీద దీపాలు గంటకోసారి అయిదు నిమిషాలు మిలమిలలాడతాయి, అది చూడకుండా రాకూడదు. కానీ జూన్‌లో అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి పది. ఆ వెలుగులు చూడాలంటే పదకొండు దాకా మేలుకోవాలి, అంటే మన టైములో తెల్లవారుజాము రెండున్నర. ఆరేళ్ల పిల్లాడికి అది సాధ్యమా? అదే అక్టోబర్ మధ్యలో అయితే ఏడింటికల్లా సూర్యుడు దిగిపోతాడు, ఎనిమిదింటికి దీపాలు చూసి తొమ్మిదింటికి పడుకోవచ్చు. చిన్నపిల్లలున్నవాళ్లకు వేసవి సెలవులకంటే దసరా సెలవులే మేలని నేననేది ఇందుకే. స్వెట్టర్లు మాత్రం తప్పవు. టవర్ లిఫ్టు టికెట్లు దాదాపు రెండు నెలల ముందే ఆన్‌లైన్లో వస్తాయి. వచ్చిన రోజే తీసుకోవాలి, అదీ పర్యటన చివరి రోజులకు.

లూవ్ర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2024లో దాన్ని చూసినవాళ్లు 87 లక్షల మంది. 2025 జూన్ 16న అక్కడి సిబ్బందే ఈ రద్దీ మావల్ల కాదంటూ పని ఆపేశారు, జనం గంటల తరబడి బయట నిలబడ్డారు. 2026 జనవరి నుంచి యూరప్ బయటి దేశాల పెద్దవాళ్లకు టికెట్టు 32 యూరోలు. 18 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ దేశం వాళ్లయినా ఉచితం. ప్రదర్శనలో ఉన్న వస్తువులే దాదాపు 35,000. డబ్బు పెట్టాం కదా అని అన్నీ తిరగబోతే రెండో గంటకే పిల్లలు నేలమీద కూర్చుంటారు. నాలుగైదు ఎంచుకుని, వాటి కథ ఇంట్లోనే పిల్లలకు చెప్పి తీసుకెళ్లాలి. మా అమ్మాయికి హమ్మురాబి శాసనం సోషల్ పుస్తకంలో పాఠం. ఆ నల్లరాయి తన ఎదురుగా, తనకంటే ఎత్తుగా నిలబడి ఉంటే దాని చుట్టూ తిరిగి తిరిగి చూసింది. మోనాలిసా గదిలో జనమంతా ఫోన్లు పైకెత్తి 77 సెంటీమీటర్ల ఆ బొమ్మ కోసం తోసుకుంటుంటారు. వాళ్ల వీపుల వెనక గోడంతా పరుచుకుని ఇటలీ చిత్రకారుడు వెరొనేజ్ గీసిన 'కానా పెళ్లివిందు' అనే బైబిల్ కథ బొమ్మ, దాదాపు పది మీటర్ల వెడల్పు. మేం మోనాలిసాకు దూరం నుంచే దణ్ణం పెట్టి ఆ పెళ్లివిందు ముందు చేరాం. వడ్డించేవాళ్లను, కుక్కలను, సంగీతం వాయించేవాళ్లను పిల్లలు ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నారు. అమ్మ అడిగిన ప్రశ్న, "పెళ్లికూతురేదిరా?" నాకూ వెతకడానికి కాసేపు పట్టింది.

తెలుగువాళ్లకు ఈ ఊళ్లో రెండు సొంత గురుతులున్నాయి, ఏ ప్యాకేజీ వాటిని చూపించదు. లూవ్ర్‌లోని అపోలో గ్యాలరీలో ఉంచిన రీజెంట్ వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందే, బరువు 140 క్యారెట్లు. ఫ్రాన్స్ దాన్ని 1717లో కొన్నది. ఆ గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 2025 అక్టోబర్ 19న దొంగలు పడింది ఆ గ్యాలరీలోనే. ఎనిమిది నగలు పోయాయి, రీజెంట్ మాత్రం పోలేదు. ఆ తర్వాత విలువైన నగలను బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకు తరలించారు, కాబట్టి వెళ్లే ముందు మ్యూజియం వెబ్‌సైట్లో చూసుకోవాలి. రెండోది గిమే మ్యూజియం. ఈఫిల్ టవర్‌కు ఎదురొడ్డున, ట్రొకాడెరోకు దగ్గర్లో ఉంటుంది. అక్కడ అమరావతి శైలి శిల్పాలున్నాయి. రద్దీ తక్కువ. అంత దూరాన మన రాతిపని చూస్తుంటే గర్వమూ, దానితోపాటే ఒక దిగులూ కలుగుతాయి.

సెలవు రోజులు చూసుకోక మోసపోయేవాళ్లు చాలామంది. లూవ్ర్, గిమే మంగళవారం మూత. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ కోట సోమవారం మూత. 2019లో కాలిపోయి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచిన నోట్రడామ్‌లోకి ప్రవేశం ఉచితం. తిండికి భయపడక్కర్లేదు. గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె, అన్నం సాంబారు దొరుకుతాయి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా రెస్టారెంట్లు రాత్రి ఏడుదాకా వంటగది మూసేస్తాయి, ఆ వేళలో పిల్లల్ని ఆదుకునేది బేకరీలే. గది తీసుకునేటప్పుడు లిఫ్టు ఉందో లేదో అడగాలి.

అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. "వదిన వాళ్ల చెల్లెలు వాళ్లు ఏడు దేశాలు తిరిగొచ్చార్రా" అన్నాడు. రెండు రోజులు ఫోన్లో వాదించుకున్నాం. చివరికి స్విట్జర్లాండ్ ఒక్కటి ఉంచాలన్నాడు, మంచు చూడాలని పిల్లలు పట్టుబట్టారట. సరే, పారిస్‌లో అయిదు రాత్రులు, రైల్లో వెళ్లి అక్కడ మూడు రాత్రులు. పారిస్‌లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో గదికొచ్చి పడక. ఒక పూట ఏ మ్యూజియమూ లేకుండా లక్సెంబర్గ్ తోటకు వదిలేశాం. అక్కడి కొలనులో పిల్లలు చెక్క తెరచాప పడవల్ని కర్రతో తోస్తూ ఆడుకుంటారు.

కొత్త ప్లాన్ చదివి వినిపిస్తే పెద్దమ్మ ఒకే ఒక్కటి అడిగింది: "ఆ తోటలో కూర్చోడానికి ఏమైనా ఉంటాయా నాయనా?"

ఉంటాయి పెద్దమ్మా. ఆకుపచ్చ రంగు ఇనప కుర్చీలు, కొలను చుట్టూ వందలకొద్దీ. ఎండ ఎటు ఉంటే అటు జరుపుకుని కూర్చోవచ్చు, లెమ్మని ఎవరూ అనరు.