పని తెలిసిన గొంతే పాఠం చెప్పాలి

గుంటూరు కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో బంధువుకు తోడుగా ఒక రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. నర్సుల బల్ల మీద మందుల ట్రేకు ఆనించి ఒక ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో చేతుల శుభ్రత గురించిన వీడియో ఇంగ్లిషులో నడుస్తోంది. నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక పడక దగ్గర సెలైన్ మార్చి వచ్చి, తెర మీద ‘నెక్స్ట్’ నొక్కి, మళ్లీ ఇంకో పడక దగ్గరికి వెళ్తోంది. నెలాఖరులోగా పూర్తి చేయకపోతే పై నుంచి ఫోన్ వస్తుందని చెప్పింది. చివర్లో వచ్చిన ప్రశ్నలకు తప్పు జవాబు నొక్కినా యాప్ సరైన జవాబు చూపించి మరో అవకాశం ఇచ్చింది. తెల్లవారేలోగా సర్టిఫికెట్ వచ్చేసింది. అదే రాత్రి ఆమె ప్రతి రోగినీ ముట్టుకునే ముందూ, ముట్టుకున్న తరువాతా చేతులు శుభ్రం చేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ యాప్‌కు ఆ సంగతి తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ అందులో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రతకు 5 సందర్భాలను నిర్దేశించింది. వాటిలో తేలిగ్గా జారిపోయేది చివరిది: రోగిని ముట్టుకోకపోయినా, ఆయన మంచం పక్క వస్తువులను తాకితే చేతులు శుభ్రం చేసుకోవాలి. “సిస్టర్, మానిటర్ వైరు సర్దారు, రోగిని ముట్టుకోలేదు, ఇప్పుడు చేతులు కడుక్కోవాలా, అక్కర్లేదా?” అని ఆ ఫోన్ తెలుగులో ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆ అరనిమిషం ఆమె అనుభవాన్ని గౌరవించి ఉండేది, దానికి కొత్తగా ఒక విషయం చేర్చి ఉండేది. మన కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, గిడ్డంగుల్లో నడుస్తున్న ఆన్‌లైన్ శిక్షణలో కరువైనది ఈ అరనిమిషమే.

కొవిడ్ తరువాత శిక్షణ ఎలా తెర మీదికి చేరిందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం ప్రభుత్వోద్యోగుల శిక్షణ పథకమైన మిషన్ కర్మయోగికి ఆమోదం తెలిపింది, వారికి ఐగాట్ అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది, ఉపాధ్యాయులకు దీక్షా అనే వేదికలో కోర్సులు వచ్చాయి, ప్రైవేటు సంస్థలు తమ తమ యాప్‌లు కొనుక్కున్నాయి. శిక్షణ ఆన్‌లైన్‌లో జరగడం మంచిదేనని నేను నమ్ముతాను. రాత్రి డ్యూటీ చేసే మనిషిని పగలు తరగతి గదిలో కూర్చోబెట్టడం కంటే అది ఎంతో నయం. అయితే వీడియో చివరిదాకా నడిస్తే శిక్షణ పూర్తయినట్టేనన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలిసినవారెవరూ ఆ లెక్క వేయరు. జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత చెరిగిపోతున్నదో కొలిచి 1885లో ప్రచురించాడు. ఒక రోజు గడిచేసరికి ఆయనకు మిగిలింది సుమారు మూడో వంతే. అర్థమున్న పాఠం అంత వేగంగా చెరగదు గానీ, ఒకసారి చూపించి వదిలేసిన ఏ పాఠమైనా చివరికి ఆ దారినే పోతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా మన సమస్యను పట్టుకుంటుంది. ఒక గద్యభాగాన్ని నాలుగు విడతలూ చదివిన విద్యార్థులు వారం తరువాత 40 శాతం గుర్తుచేసుకోగా, ఒక విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం పక్కన పెట్టి జ్ఞాపకం తెచ్చుకుని రాసినవారు 61 శాతం గుర్తుచేసుకున్నారు. అయితే అయిదు నిమిషాలకే పరీక్ష పెట్టినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. మన శిక్షణ యాప్‌లు పరీక్ష పెట్టేది సరిగ్గా ఆ అయిదు నిమిషాల దగ్గరే. నేర్చుకున్నట్టు కనిపించే క్షణాన్నే ఏరి పట్టుకుని మార్కులు వేస్తున్నాయి. వారం తరువాత ఆ ఉద్యోగిని అడిగేవారు లేరు.

వీడియోల నిడివి సంగతీ అంతే. 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సులకు చెందిన 69 లక్షల వీక్షణలను పరిశీలించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా చూసేవారు సాధారణంగా నిలిచేది 6 నిమిషాలకు మించడం లేదని తేలింది. తెర మీద ఉన్న వాక్యాన్నే గొంతు కూడా చదివి వినిపిస్తే నేర్చుకోవడం దెబ్బతింటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు ఎన్నడో చూపించాయి. అయినా నలభై నిమిషాల స్లైడ్ల మీద అదే వాక్యాన్ని చదివే గొంతును అతికించి, దానికి నవీన శిక్షణ అని పేరు పెడుతున్నాం.

యాజమాన్యాలకూ ఒక వాదన ఉంది. వేల మందికి ఒకే మాట ఒకే తీరుగా చేరాలంటే ఒకే వీడియో చౌక, తనిఖీకి వచ్చిన అధికారికి చూపడానికి రికార్డు ఉండాలి, ఇంగ్లిషులో శిక్షణ ఉంటే ఉద్యోగి ఎదుగుదలకే మేలు అని వారంటారు. రికార్డు అవసరాన్ని నేను కాదనను. ఏం రికార్డు చేస్తున్నామన్నదే ప్రశ్న. అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లుగా కొలవాలన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా. ‘పూర్తయింది’ అన్న పచ్చగుర్తు వీటిలో మొదటి మెట్టుకు కూడా సమాధానం చెప్పదు.

మంచి ఆన్‌లైన్ శిక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే ఏ కార్పొరేట్ భవనానికో వెళ్లనక్కర్లేదు, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్తే చాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్తగా అమ్మే బండ్లకు బీఎస్-6 అనే కఠినమైన పొగ ప్రమాణం తప్పనిసరి అయింది. అంతవరకూ ఇంజను శబ్దం విని, పొగ రంగు చూసి రోగం చెప్పిన లారీ మెకానిక్కుల ముందుకు సెన్సర్లు, ఎర్రర్ కోడ్లు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. వారిలో చాలామందికి లాగిన్ లేదు, కోర్సు లేదు. వారికి ఉన్నవి ఒక స్కానర్, ఒక వాట్సాప్ గ్రూపు, అందులో ముందుగా దెబ్బతిని నేర్చుకున్న ఒకరిద్దరు తోటి మేస్త్రీలు.

ఆ గ్రూపులో ఒక కుర్రవాడు స్కానర్ మీద వచ్చిన కోడ్‌ను ఫొటో తీసి పెడితే, ఒక పెద్ద మేస్త్రీ పంపిన వాయిస్ మెసేజ్‌ను నాకు వినిపించారు. నిమిషం కూడా లేదు. “తమ్ముడూ, సెన్సర్ జోలికి పోకు. ముందు డ్రైవర్‌ని అడుగు, యూరియా ఎక్కడ పోయించాడో. నీళ్లు కలిసిన సరుకైతే ఇదే కోడ్ వస్తది. ట్యాంకు ఖాళీ చేసి కడుగు, మంచిది పోయి, బండి ఒక రౌండ్ తిప్పుకొచ్చి మళ్లీ స్కానర్ పెట్టు. అప్పటికీ వస్తే నాకు ఫోన్ చెయ్యి.” కుర్రవాడు ఆ సాయంత్రమే అలా చేసి, లైటు ఆరిన ఫొటో గ్రూపులో పెట్టాడు.

పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నవన్నీ ఆ నిమిషంలో ఉన్నాయి. అవసరం ఎదురైన వేళకే పాఠం వచ్చింది. ఖరీదైన భాగాన్ని అనవసరంగా మార్చేసే పొరపాటును ముందే పసిగట్టి ఆపింది. ఏది ముందు, ఏది తరువాత అన్న వరుసను నేర్పింది, మెకానిక్కుకు అసలు విద్య ఆ వరుసే. విన్నది వెంటనే చేతిలోకి వెళ్లింది, ఫలితం తిరిగి గురువుకు చేరింది. అన్నింటికీ మించి ఆ గొంతు తనకు తెలిసిన మనిషిది, అదే వీధిలో అదే గ్రీజు పూసుకున్న మనిషిది. ఇందులో లోపం ఒక్కటే: మర్నాటికి ఆ మెసేజ్ శుభోదయాల కింద పూడిపోతుంది. దాన్ని వెలికితీసి, సరిచూసి, కోడ్ నంబరు వారీగా సర్ది, వారం తరువాత ఇంకో కుర్రవాడికి ప్రశ్న రూపంలో పంపే పని ఎవరూ చేయడం లేదు. శిక్షణ సంస్థలూ, యాజమాన్యాలూ చేయవలసిన నవకల్పన ఇదే. కొత్త యాప్ కొనడానికి పెట్టే డబ్బులో చిన్న భాగం ఇందుకు సరిపోతుంది.

గొంతు ఎవరిదన్న విషయాన్ని నేను ఊరికే పట్టుకుని లాగడం లేదు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో డిజిటల్ గ్రీన్ అనే ప్రయత్నం మొదలైంది. కర్ణాటక గ్రామాల్లో రైతుల చేతే సాగు పద్ధతులు చేయించి వీడియో తీసి, పక్క ఊళ్లలో చూపించారు. ఊరి మనిషే ఒకరు వీడియోను మధ్యమధ్య ఆపి, ప్రశ్నలు వేసి, చర్చ నడిపేవారు. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ సిబ్బంది ఊరూరా తిరిగి రైతులకు చెప్పే పాత వ్యవసాయ విస్తరణ పద్ధతి కంటే ఇది కనీసం పది రెట్లు ఎక్కువ ఫలితమిచ్చిందని ఆ ప్రయత్నాన్ని నడిపిన పరిశోధకులు లెక్కగట్టారు. చూసిన రైతులు ముందుగా ఆరా తీసింది తెర మీది రైతు పేరేమిటి, ఏ ఊరు అనేనట. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ కూడా ప్రకృతి సేద్యాన్ని అనుభవమున్న రైతుల ద్వారానే సాటి రైతులకు చేరవేస్తోంది. పొలంలో పనికొచ్చిన ఈ సూత్రం గిడ్డంగిలో, వార్డులో, బస్సు డిపోలో పనికిరాకుండా ఎలా పోతుంది?

ఎంతో కాలంగా మనసులో ఉన్న ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో, వృత్తుల వారు ప్రాంతం ప్రాంతానా వాడే మాటల నిఘంటువైన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండో సంపుటం 1971లో చేనేత పదాలతో వెలువడ్డాయి. పండితులు జిల్లా జిల్లాకూ వెళ్లి, నాగలిలో మేడి అంటే ఏమిటి, ఏడికోల ఎక్కడ ఉంటుంది, ఈ ఊరిలో కర్రును ఏమంటారు అని రైతునే అడిగి రాసుకున్నారు. పని చేసేవాడి నోటిమాటకు అంత గౌరవం ఇచ్చిన జాతి మనది. మరి ఆటోనగర్ మాటను, మిర్చి యార్డు మాటను, ఆసుపత్రి వార్డు మాటను ఆ శ్రద్ధతో విన్నవారెవరు? 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, కార్యాలయంలో కాగితం ఏ భాషలో రాయాలన్న చర్చ నేటికీ నడుస్తోంది. పని ఏ భాషలో నేర్పాలన్న చర్చ మాత్రం మొదలే కాలేదు.

దాని ఫలితం మన శిక్షణ యాప్‌ల ‘తెలుగు ఐచ్ఛికం’లో కనిపిస్తుంది. “వ్యక్తిగత రక్షణ పరికరాలను ధరించుట తప్పనిసరి” అని ఉంటుంది. హెల్మెట్ పెట్టుకోండి, గ్లౌజులు వేసుకోండి అని చెప్పడానికి ఎందుకు మనసొప్పదో నాకు అర్థం కాదు. స్కానర్ పెట్టడం, లోడ్ దించడం, సిస్టర్‌ను పిలవడం, ఇవన్నీ తెలుగే. పనిలో పుట్టి పనిలో తిరిగే మాట ఏ భాష నుంచి వచ్చినా తెలుగే. ఇంగ్లిషు నుంచి యంత్రం అనువదించిన గ్రాంథికాన్ని చదివి కార్మికుడు తనకు చదువు లేదని కుంగిపోతాడు. నిజానికి ఆ వాక్యం రాసినవారికే అతని పని తెలియదు. ఒక్కో పనిచోటూ తన మాటలను తానే సేకరించుకోకుండా తెలుగులో శిక్షణ అన్నది రాదు.

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలను తీసుకుందాం. ధర కోసం ఆగిన రైతుల మిర్చి అక్కడ ఏసీ సరుకుగా నెలల తరబడి ఉంటుంది. ఆ చల్లదనం కోసం, లీకైతే ప్రమాదకరమైన అమ్మోనియా వాయువును వాడుతారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీలకు కంపెనీ ఈమెయిల్ ఉండదు, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ చాలాసార్లు పిల్లల చేతిలో ఉంటుంది. అటువంటి వారికి అమ్మోనియా రసాయన లక్షణాల మీద అరగంట వీడియో పంపి ప్రయోజనం లేదు. వారికి కావలసింది ఇలాంటి ప్రశ్న: “కంప్రెసర్ గది వైపు నుంచి కళ్లు మండే ఘాటు వస్తోంది. మీరు రెండో అంతస్తులో టిక్కీలు పేరుస్తున్నారు. ఏ మెట్లు దిగుతారు? బయటికి వచ్చాక ఎటు నడుస్తారు?” మొదటి ప్రశ్నకు జవాబు ఆ కట్టడాన్ని బట్టి మారుతుంది. ముంబయిలో తయారైన ఏ వీడియోకూ ఆ మెట్లు తెలియవు. రెండో దానికి జవాబు గాలిని బట్టి మారుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి, ఘాటు తమ మీదికి రాకుండా దానికి అడ్డంగానో ఎదురుగానో కదలాలి. అమ్మోనియా నీళ్లలో కరుగుతుంది కాబట్టి తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోవాలి, కళ్లలో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడగాలి.

ఈ పాఠాన్ని ఆ కట్టడంలోనే, ఆ మెట్ల మీదే, కంప్రెసర్ ఆపరేటరూ ముఠా మేస్త్రీ కలిసి ఫోన్‌లో తీయవచ్చు. చెప్పిన ప్రతి మాటనూ భద్రతా నిపుణుడు సరిచూడాలి, అందులో రాజీ ఉండకూడదు. పనిలోకి దిగే ముందు మేస్త్రీ ఆ ప్రశ్నను స్పీకర్‌లో వినిపిస్తాడు, జవాబు కూలీలు చెబుతారు, ఆ తరువాతే వీడియో చూపిస్తాడు. వారం తరువాత ప్రశ్న కొంచెం మారుతుంది: ఈసారి ఆ మెట్ల దగ్గరే ఘాటు ఉంది. నెల తరువాత నిజంగానే అందరినీ దింపి, చివరి మనిషి గేటు దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటారు. తనిఖీ అధికారికి చూపవలసిన రికార్డు ఆ నిమిషాల లెక్కే.

మిర్చి సీజన్ ఊపందుకుని, లారీలు గేటు ముందు బారులు తీరాక ఎవరికీ తీరిక ఉండదు. చిత్రీకరణ అంతకుముందే, ఛాంబర్లలో సరుకు తగ్గిన నెలల్లోనే జరగాలి. అందుకు పట్టిన పూటలకు ముఠా మేస్త్రీకి యాజమాన్యం పూర్తి కూలీ కట్టి ఇవ్వాలి, వీడియో మొదట్లో ఆయన పేరూ ఊరూ వేయాలి.