మహారాజశ్రీ ప్రెషర్ స్విచ్ గారికి

కంచరపాలెంలో మా వంటింటి వెనక రేకుల షెడ్డులో, 20 లీటర్ల స్టీమ్ బాయిలర్ నెత్తి మీద కొలువుండి, ప్రెషర్ చాలినంత పెరగ్గానే హీటర్ ఆపేసి తగ్గగానే మళ్ళీ వెలిగించే తమరికి, రోజూ నాలుగింటికి లేచి ఇడ్లీలు వేసే మనిషి నమస్కారాలు. మేం క్షేమం. మీ క్షేమం మీ పక్కనున్న గేజి చూసి తెలుసుకుందామంటే అది చదరపు సెంటీమీటరుకి సున్నా నుంచి 10 కేజీల దాకా ప్రెషర్ చూపే గేజి, మన పనేమో అర కేజీ లోపు, బియ్యం బస్తాలు తూచే కాటా మీద తులం బంగారం పెట్టినట్టు ముల్లు కదిలిందో లేదో కళ్ళజోడు పెట్టుకున్నా తెలీదు.

కొన్నరోజు అమ్మినాయన చెప్పింది ఒకటే ముక్క, సెట్టింగ్ చేసే ఇచ్చాం అమ్మా ముట్టుకోకండి అని. ముట్టుకోవద్దంటే ఊరుకోడానికి మా ఆయనేమన్నా ఋషా? మొదటి పెద్ద ఆర్డర్ కాస్త ఆలస్యమైందో లేదో స్క్రూడ్రైవర్ పట్టుకుని షెడ్డులోకెళ్ళి అర కేజీ దగ్గరున్న మిమ్మల్ని 0.9 కి లేపేశారు, ప్రెషర్ పెరిగితే ఇడ్లీ తొందరగా ఉడుకుతుందట. ఏవండీ, ఇడ్లీ పాత్ర మూత ఏమన్నా కుక్కర్ మూతా? పక్కల్నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది, బాయిలర్లో ఎంత ప్రెషరున్నా పాత్రలోకి వచ్చేసరికి దిగిపోయి నూరు డిగ్రీల దగ్గరే ఉడుకుతుంది. కుక్కర్లో పప్పు గబగబా ఉడికేది ఆ వెయిట్ ఆవిరిని బిగబట్టి 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది కాబట్టి. ఇక్కడ ఆవిరి ఎంత వస్తుందనేది 6 కిలోవాట్ల హీటర్ చేతిలో ఉంది, గంటకి 8 లీటర్ల నీళ్ళు మరిగించేది మరిగిస్తుంది, మీరు తలకిందులుగా తపస్సు చేసినా అంతకు మించి రాదు. ఇదంతా నాకు తర్వాత తెలిసిందిలెండి, అప్పుడు నేనూ పక్కన నిలబడి ఇంకాస్త తిప్పండీ అన్నదాన్నే.

తమరికి ఇంకో స్క్రూ కూడా ఉంది కదా, ఆగిపోయాక ప్రెషర్ ఎంత పడితే మళ్ళీ హీటర్ వెలగాలో చెప్పేది. దాన్నీ ఒదల్లేదు, బొత్తిగా తక్కువకి తిప్పేశారు, ఇంక చూస్కోండి, హీటర్ ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, హీటర్ కి కరెంటు కలిపి తీసే కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంటే పక్కింటావిడ కొత్త గోడ గడియారం కొన్నారా అని అడిగింది.

మెకానిక్ వచ్చాడు. మీకూ బాయిలర్ కీ మధ్య పంది తోకలా మెలిక తిరిగిన సైఫన్ పైపు ఉంటుంది చూశారూ, అది దండగ మేడమ్ అని పీకేసి మిమ్మల్ని నేరుగా బిగించేశాడు. నాలుగో రోజుకి ప్రెషర్ పసిగట్టే పల్చటి పొర, మీ డయాఫ్రం, మాడిపోయింది. వీధి చివర స్టీల్ ప్లాంట్లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన బాబాయ్ గారొచ్చి, "ఆ మెలికలో నీళ్ళు నిలబడబట్టే కదమ్మా మరిగే ఆవిరి దీని మొహాన కొట్టదు, బిగించే ముందు గుక్కెడు నీళ్ళు పొయ్యాలి" అన్నారు. పాపం మీ తప్పేటి లేదు, అయినా అప్పటిదాకా వారం రోజులు మిమ్మల్నే తిట్టాను, క్షమించండి.

ఇంతలో సేఫ్టీ వాల్వ్ కారడం మొదలెట్టింది. అది ఒక కేజీకి తెరుచుకునేది, మిమ్మల్ని 0.9 దాకా తోస్తే కారక ఏం చేస్తుంది? మెకానిక్ దానికో ప్లగ్గు కొట్టేద్దాం మేడమ్ అన్నాడు! బాబాయ్ గారు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "ఏటి బాబూ, వీళ్ళ ఇంటి పైకప్పు నీకేమన్నా అడ్డమొచ్చిందా" అని అడిగారు. లీటరు నీళ్ళు ఆవిరైతే 1600 లీటర్ల పైనే అవుతుంది, దానికి తలుపు మూసేస్తే గోడే తలుపవుతుంది. 25 లీటర్ల లోపుది బాయిలర్ల చట్టం లెక్కలో అసలు బాయిలరే కాదు కాబట్టి ఇన్‌స్పెక్టర్ కూడా రాడు, అంటే మా షెడ్డులో చట్టమైనా పోలీసైనా ఆ గుప్పెడంత వాల్వే. రోజూ పొద్దున లివర్ ఓసారి ఎత్తి బుస్సుమందని చూసుకున్నాకే పిండి కలుపుతున్నాను.

అసలు కథ సాంబారుది. ఓ రాత్రి స్టీమ్ పైపు సాంబారు గిన్నెలో ముంచి వేడి చేసి, పైపు తియ్యకుండా మెయిన్ ఆపేసి పడుకున్నాం. బాయిలర్ చల్లారితే లోపల ఆవిరి నీళ్ళయిపోయి ఖాళీ ఏర్పడుతుంది కదా, ఆ ఖాళీ మా సాంబారుని మునక్కాడ ముక్కలు గిన్నెలో ఒగ్గేసి సుబ్బరంగా పీల్చేసుకుంది. పొద్దున బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపే గేజి గ్లాసులో పచ్చని నురగ. ఇడ్లీలన్నీ ఇంగువ వాసన. ఎంవీపీ కాలనీ నుంచి ఓ కస్టమర్ ఫోన్ చేసి "మేడమ్ ఈ ఫ్లేవర్ బావుంది, రేపూ ఇదే పంపండి" అన్నాడు, ఏం చెప్పను? మూడు సార్లు కడిగి, ఆ పైపుకి, వెళ్ళనిస్తుందే గానీ వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాం.

ఇప్పుడు బాబాయ్ గారు మిమ్మల్ని 0.4 కి ఆగేలా, 0.2 కి వెలిగేలా సర్దారు, గేజి కూడా చిన్నది మార్పించారు, ఇడ్లీ అదే టైంకి దిగుతోంది. నేను మీ రెండు స్క్రూల మీద నా గోళ్ళ రంగుతో ఎర్రటి గీత గీశాను. ఈ పొద్దున చూస్తే మొదటి గీత పావు వంతు పక్కకి తిరిగుంది. మా ఆయన టిఫిన్ కూడా తినకుండా పూర్ణా మార్కెట్ కి వెళ్ళిపోయారు. మీకేమన్నా తెలుసా?