లైసెన్స్ ఆఫీసు గోడ మీద, మందు మన వంటింట్లో

పోయిన వర్షాకాలం మా వంటింట్లో సింకు కింద చెక్కకి చెదలు పట్టాయి. మేముండేది మధురవాడ వైపు, ఈ సముద్రం గాలికీ చెమ్మకీ వైజాగ్‌లో చెదలు రాని ఇల్లు ఉందంటే ఆశ్చర్యమే. ఫోన్ చేసిన గంటలో ఒక కుర్రాడు వచ్చేశాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చేతిలో డ్రిల్లింగ్ మెషిను, భుజాన బ్యాగు. ఆ బ్యాగులోంచి తీసింది రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, లేబుల్ చించేసి ఉంది, లోపల తేనె రంగు మందు. మా బకెట్టే అడిగి నీళ్లు పట్టి, అందులో మందు పోయగానే నీళ్లన్నీ పాలలా తెల్లబడిపోయాయి. ఎంత పోశాడో కొలవలేదు, గ్లౌజులు లేవు, మాస్కు లేదు, కలపడానికి మా చీపురు పుల్ల. "ఏం మందు బాబూ ఇది?" అంటే "చెదల మందేనండి, సారే పోసి ఇత్తారండి, పేరు నాకు తెల్దండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే తెలీదు.

నాలుగు రోజులు ఇల్లంతా ఆ వాసనే. మా మనవరాలికి నాలుగేళ్లు, నేల మీదే ఆడుకుంటుంది. కంపెనీకి ఫోన్ చేసి మందు పేరు చెప్పండి అంటే "మేడమ్, మాది హెర్బల్, భయపడకండి, మాకు లైసెన్స్ ఉంది" అన్నారు. లైసెన్స్ కాపీ పంపమంటే వాట్సాప్‌లో ఒక కాగితం వచ్చింది, చూస్తే అది జీఎస్టీ రిజిస్ట్రేషన్.

అప్పటి నుంచి ఈ లైసెన్స్ సంగతేంటో చదవడం మొదలుపెట్టాను, ఇప్పుడు రాస్తున్నది అందుకే.

మన దేశంలో పెస్ట్ కంట్రోల్‌కి చట్టం లేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ఉంది, 1971లో దాని రూల్స్ వచ్చాయి. ఆ చట్టం ఎందుకు పుట్టిందో తెలిస్తే మన ఊరివాళ్లకి ఇంకొంచెం దగ్గరగా అనిపిస్తుంది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు, ఓడలో తిండి సరుకుల పక్కనే మందు పెట్టడం, అది కారి సరుకులో కలవడం, అదీ కారణం. ఓడలూ గోడౌన్‌లూ ఉన్న ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ చట్టం ప్రకారం మందు తయారుచేసేవాడికి, అమ్మేవాడికి ఎలా లైసెన్స్ కావాలో, డబ్బులు తీసుకుని ఇళ్లలో, హోటళ్లలో, గోడౌన్‌లలో మందు కొట్టేవాడికీ అలాగే కావాలి. లైసెన్స్‌కి అప్లై చేసేవాళ్లకి అగ్రికల్చర్ డిగ్రీ గానీ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి, పైన కనీసం 15 రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి, అది కూడా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పంటల రక్షణ మీద ట్రైనింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం, మైసూరులో ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి చోట చేసినదై ఉండాలి. ఇచ్చేది వ్యవసాయ శాఖ. అంటే జీవీఎంసీ, అదే మన వైజాగ్ కార్పొరేషన్, ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ వేరు, జీఎస్టీ నంబర్ వేరు, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ వేరు, ఇవన్నీ వ్యాపారం చేసుకోవడానికి పనికొచ్చే కాగితాలే గానీ వీటిలో ఏదీ విషం చేత్తో పట్టుకోడానికి పర్మిషన్ కాదు. మనకి చూపించేది మాత్రం ఎక్కువగా వీటినే, మనమూ ముద్ర, నంబర్ కనిపిస్తే సరే అనుకుంటాం.

నా అసలు బాధ లైసెన్స్ లేనివాళ్ల గురించి కూడా కాదు. లైసెన్స్ ఉన్న కంపెనీనే తీసుకుందాం. డిగ్రీ ఎవరికి ఉంది? ఓనర్‌కి, లేదా కాగితం మీద పేరున్న ఒక మనిషికి. 15 రోజులు ట్రైనింగ్ తీసుకున్నది ఆయనే. మన వంటింట్లో సింకు కింద దూరి మందు కొట్టేది ఇంకొకడు, వాడికి మందు పేరు కూడా తెలీదు. రూల్స్‌లో పనివాళ్ల గురించి లేకపోలేదు, స్ప్రే చేసేవాళ్లకి డాక్టర్ పరీక్షలు చేయించాలి, రక్షణ బట్టలు ఇవ్వాలి, జాగ్రత్తలు నేర్పించాలి అని 1971లోనే రాశారు. కానీ అది అమలవుతోందో లేదో మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి చూసేదెవరు?

వ్యవసాయ శాఖని తిట్టడానికి కాదు ఇది. ఆ ఆఫీసర్ల చూపు ఎరువుల షాపుల మీద, ఖరీఫ్‌లో నకిలీ మందుల మీద, రైతుల మీద ఉంటుంది, ఉండాలి కూడా. కానీ సీతమ్మధారలో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో బొద్దింకల మందు సంగతి వ్యవసాయం కిందికి వస్తుందని ఆ ఫ్లాట్ ఓనర్‌కి తెలీదు, తెలిసినా కంప్లయింట్ ఎవరికి ఇవ్వాలో తెలీదు, జీవీఎంసీకి వెళ్తే మాది కాదంటారు. చట్టం పొలాల కోసం రాసి పట్నాన్ని చివర్లో ఒక లైనుగా చేర్చినట్టుంది. ఈ చట్టం బదులు కొత్త బిల్లులు 2008లో ఒకటి, 2020లో ఒకటి రాజ్యసభ దాకా వచ్చాయి, వాటి మీద చర్చంతా మళ్లీ రైతూ కంపెనీల చుట్టూనే తిరిగింది.

ఇదే ఊళ్లో పోర్టు వైపు వెళ్లి చూడండి, కథ వేరేగా ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ కంటైనర్‌లో సరుకు కింద పెట్టే చెక్క పాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది, పక్కన దేశం కోడ్, ఏజెన్సీ నంబర్, ఏ ట్రీట్‌మెంట్ చేశారో రెండక్షరాలు. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలైనా పట్టించాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పెట్టాలి, ఎవరు చేశారో ఆ ముద్ర చూసి ప్రపంచంలో ఏ పోర్టులోనైనా చెప్పేయొచ్చు. ఆ ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వం గుర్తింపు ఉండాలి, గ్యాస్ ఎంత, ఎన్ని గంటలు, అన్నీ రికార్డ్ అవుతాయి. ఇదంతా ఎందుకంటే మన చెక్కలోని పురుగు వేరే దేశం అడవుల్లోకి పోకూడదని. మంచిదే, అలాగే ఉండాలి. ఒక చెక్క పాలెట్ మీద ఎవరు ఏం చేశారో ముద్ర చూసి చెప్పగలిగినప్పుడు మా మనవరాలు ఆడుకునే నేల మీద ఏం పోశారో ఒక కాగితం ముక్క మీదైనా రాసివ్వలేరా అన్నదే నా ప్రశ్న.

మందు పేరు తెలియడం అంత ముఖ్యమా అంటారేమో. రాత్రిపూట పిల్లకి వాంతులైతే హాస్పిటల్‌లో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. చెదలకి వాడే క్లోరోపైరిఫాస్ లాంటిదైతే విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలి, గోడౌన్‌లలో పురుగులకి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలైతే దానికి విరుగుడే లేదు. ఆ బిళ్లలకి గాల్లో చెమ్మ తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే విషపు గ్యాస్ వస్తుంది, సందుల్లోంచి పక్క గదిలోకీ పక్క ఫ్లాట్‌లోకీ పోతుంది. అందుకే వాటిని మామూలు జనానికి అమ్మకూడదు, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలని రూల్. 2024 నవంబర్‌లో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఎలకల మందు పెట్టించుకున్న ఇంట్లో రాత్రి ఏసీ వేసుకుని పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. వాళ్లు కూడా మనలాగే ఫోన్ చేసి, డబ్బులిచ్చి, నమ్మి పిలిచినవాళ్లే.

ఇంకోటి, పేరు తెలియనప్పుడు అది వాడొచ్చో లేదో కూడా తెలీదు. ఇళ్లలో బొద్దింకలకి ఒకప్పుడు విచ్చలవిడిగా కొట్టిన డైక్లోర్వాస్‌ని 2018 ఆర్డర్‌తో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. లేబుల్ లేని సీసాలో ఉన్నది అదే అయితే మనకెలా తెలుస్తుంది? డబ్బా మీద త్రికోణం ఉంటుంది కదా, ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ, చదువురాని వాళ్లు కూడా గుర్తుపట్టాలని పెట్టిన రంగులు అవి. మందు కూల్‌డ్రింక్ సీసాలోకి మారిందంటే ఆ రంగు పోయినట్టే. "వాసన రాదు, హెర్బల్" అని వాళ్లు అన్నంత మాత్రాన విషం కాకుండా పోదు.

మన తప్పూ ఉంది. సొంత ఇంట్లో సొంతానికి వాడుకుంటే ఈ చట్టం వర్తించదని మినహాయింపు ఉంది, దాన్ని మనం బాగా సాగదీశాం. అసోసియేషన్ వాళ్లు ఎరువుల షాపులో పొలం మందు కొని వాచ్‌మన్ చేత కారిడార్లన్నీ కొట్టించడం నేను చూశాను, ఖర్చు తక్కువ అవుతుందని. యాభై ఫ్లాట్ల మెట్ల మీద కొట్టేది సొంత ఇంటి వాడకం ఎలా అవుతుంది? ఆ వాచ్‌మన్‌కి ఏమైనా అయితే ఎవరిది పూచీ? హోటళ్ల సంగతి కాస్త నయం, ఫుడ్ సేఫ్టీ రూల్స్‌లో పెస్ట్ కంట్రోల్ చేయించి రికార్డ్ పెట్టాలని ఉంది కాబట్టి కనీసం ఒక ఫైల్ ఉంటుంది.

రూల్స్ బిగిస్తే చిన్నవాళ్ల పొట్ట కొట్టినట్టేగా అని మా తమ్ముడే అన్నాడు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పని కోసం వచ్చిన కుర్రాళ్లందరికీ కెమిస్ట్రీ డిగ్రీ ఉండాలని నేనూ అనను. ఓనర్‌కి డిగ్రీ అడుగుతున్నారు కదా, అది చాలు. మందు కొట్టే కుర్రాడికి వైజాగ్‌లోనే, తెలుగులోనే, మూడు నాలుగు రోజుల ట్రైనింగ్ ఇచ్చి ఫొటోతో ఒక కార్డు ఇవ్వండి. అందరికంటే ఎక్కువ విషం పీల్చేది వాడే. లైసెన్స్ ఉన్న కంపెనీల లిస్టు నంబర్లతో సహా వ్యవసాయ శాఖ పెట్టాలి, జీవీఎంసీ ట్రేడ్ లైసెన్స్ ఇచ్చే ముందు ఆ నంబర్ అడగాలి. ఇవి రెండూ చేయడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు.

మా చెదలు రెండు నెలల్లో మళ్లీ వచ్చాయి. ఈసారి పిలిచే ముందే ఫోన్‌లో లైసెన్స్ కాపీ అడిగాను, ఇద్దరు ఫోన్ పెట్టేశారు, మూడో ఆయన పంపించాడు. ఆయన సీలు తీయని డబ్బా తెచ్చి నా ముందే తెరిచాడు, క్లోరోపైరిఫాస్ 20 శాతం, ఒక లీటరుకి 19 లీటర్ల నీళ్లు కొలిచి పోశాడు, గోడ వారగా అడుగుకొక రంధ్రం, 12 మిల్లీమీటర్లది, ఒక్కోదానిలో లీటరుకి మించకుండా మందు పోసి సిమెంట్‌తో మూసేశాడు. భారతీయ ప్రమాణాల్లో ఉన్నదీ ఇదే. పిల్లని రెండు రోజులు వాళ్ల అమ్మమ్మ గారింట్లో ఉంచమన్నాడు. బిల్లు మీద మందు పేరు, బ్యాచ్ నంబర్, తేదీ రాసి సంతకం పెట్టాడు. ఆ బిల్లుని సింకు కింద కప్‌బోర్డు తలుపుకి లోపలివైపు అంటించాను, దాని కింద ఎయిమ్స్ పాయిజన్ సెంటర్ నంబర్ 1800 116 117 స్కెచ్ పెన్‌తో రాశాను.